చల్లారాకే కొలత

గాజువాక నుంచి కూర్మన్నపాలెం వెళ్లే దారిలో, హార్డ్‌వేరు కొట్ల వెనక సందులో, రేకుల కప్పు వేసిన పొడవాటి షెడ్డు అది. లోపల అద్దాలు తక్కువ, ఇనుము ఎక్కువ. ఈ వ్యాయామశాల గురించి నాకు చెప్పినవాళ్లంతా గోడవారన బల్ల మీద దొంతరలుగా ఉండే నోటుపుస్తకాల గురించే చెప్పారు. ఇక్కడ చేరినవాళ్లని మొదటిరోజు బరువు ఎత్తనివ్వరు. ఒళ్లంతా కొలిచి, అంకెలు పుస్తకంలో ఎక్కించి, రేపు రమ్మని పంపేస్తారు.

నడిపే పెద్దాయన ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. కుర్రాళ్లందరికీ మాస్టారు. నేను వెళ్లేసరికి ఒకబ్బాయి డంబెల్స్ కింద పెట్టి, చెమట తుడుచుకోకుండానే టేపు పట్టుకుని వచ్చాడు.

“మాస్టారూ, ఒక్కసారి చెయ్యి కొలవండి, బాగా పెరిగినట్టుంది.”

“ఇప్పుడేట్రా కొలిచేది? షాఫ్టు వేడి మీదుంటే మైక్రోమీటరు పెడతామా? చల్లారాకే పెడతాం. కండా అంతే. రేపు పొద్దున్న కసరత్తుకి ముందు రా.”

ఇనుము వేడికి సాగినట్టే, కసరత్తు చేసిన కండరంలోకి రక్తం, నీరు చేరి కాసేపు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు తర్వాత దిగిపోతుంది. వ్యాయామం ముగియగానే కొలుచుకుని, ఆ అంకెను ఫోటోతో సహా స్నేహితులకు పంపే అలవాటు ఊరంతా ఉంది. ఆ అంకె అబద్ధం. వచ్చే నెల సరైన వేళకు కొలిస్తే చెయ్యి తగ్గినట్టు కనిపిస్తుంది, పిల్లవాడు నీరసపడి డబ్బా పౌడర్ల వెంట పడతాడు. మాస్టారి పోరాటమంతా దీనిమీదే.

పొద్దున్నే కొలవాలన్న నియమం ఈ ఊళ్లో అందరికీ కుదరదు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు మారుతూ పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామంది. వాళ్లకు మాస్టారు చెప్పే మాట: గడియారం చూడకండి, నిద్ర లేచాక, తిండికి ముందు కొలవండి. రాత్రి డ్యూటీ చేసినవాడికి మధ్యాహ్నమే తెల్లవారుతుంది మరి.

కొలిచే పద్ధతి నా చేతి మీదే చూపించారు. భుజం చివరి ఎముకను వేలితో తడిమి, అక్కణ్నుంచి మోచేతి దాకా కొలిచి, సరిగ్గా సగంలో పెన్నుతో గీత పెట్టారు. టేపు ఆ గీత మీదుగానే, చేతికి అడ్డంగా, చర్మానికి ఆని ఉండాలి, నొక్కకూడదు. రెండుసార్లు కొలిచి, తేడా వస్తే మూడోసారి. దర్జీ వాడే గుడ్డ టేపు వాడగా వాడగా సాగిపోతుందని ఆయన దాన్ని ఎప్పుడో మానేశారు. శరీర కొలతలకు ప్రమాణాలు నిర్ణయించే ఐసాక్ అనే అంతర్జాతీయ సంఘం కూడా 7 మిల్లీమీటర్లకు మించని వెడల్పున్న, వంగే ఉక్కు టేపునే వాడమంటుంది. ఎంత అలవాటైన చేతికైనా కాస్త తేడా రాకపోదు. అందుకే అర సెంటీమీటరు లోపు మార్పును ఈయన పెరుగుదల కింద రాయరు. కొలత నాలుగు వారాలకు ఒకసారే, ప్రతిసారీ ఒకే మనిషి చేత్తో.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మాత్రం ఒక పాత పుస్తకంలోని రెండు పేజీలు. చేరిన రోజు ఆ కుర్రాడి చెయ్యి 33 సెంటీమీటర్లు. నెలలు గడిచాక కూడా 33. మరొకచోటైతే ఏమీ పెరగలేదనేవారు. మాస్టారు కాలిపర్ తీశారు. చేతి వెనక చర్మాన్ని, దానికింది కొవ్వును మడతగా పట్టుకుని మందం చూసే పరికరం అది. మొదటిరోజు మడత 13 మిల్లీమీటర్లు, తర్వాత 10. చేతి చుట్టుకొలతలోంచి ఈ మడతను 3.14తో గుణించి తీసేస్తే, లోపల ఎముకతో కలిపి కండ ఎంతో దాదాపుగా తెలుస్తుంది. మొదట 28.9, తర్వాత 29.9. టేపు కదలకపోయినా కొవ్వు కరిగిన చోట కండ వచ్చి చేరింది. సెంటీమీటరే కదా అనిపించవచ్చు. చుట్టుకొలత పెరిగితే లోపలి వైశాల్యం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. అంటే ఆ కుర్రాడి చేతి కండ వైశాల్యం దాదాపు 7 శాతం పెరిగినట్టు.

ప్రతి పేజీలో చేతి కొలత పక్కనే నడుము కొలత ఉంటుంది. చెయ్యితో పాటు నడుమూ పెరుగుతూ పోతే, ఆ పెరుగుదలలో కొవ్వు పాలు ఎక్కువన్నమాట. మన మగవాళ్లకు నడుము 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే గుండెజబ్బు, చక్కెర జబ్బు ముప్పని వైద్యులు చెప్పే గీత పుస్తకం అట్ట వెనక ఎర్ర సిరాతో రాసి ఉంది. ఎత్తిన బరువుకూ ఒక వరస ఉంది. కొత్తవాళ్లకు మొదటి వారాల్లో కండ పెరగకుండానే బలం పెరుగుతుంది. నరాలు కండరాన్ని పూర్తిగా పనిలో పెట్టడం నేర్చుకుంటాయి కాబట్టి. ఈ సంగతి తెలియక, టేపు కదల్లేదని నెలలోపే మానేసేవాళ్లు ఎందరో.

ఇక ఛాతీ కొలత. ఈ షెడ్డులో సగంమంది దానికోసమే వస్తారు. కానిస్టేబుల్ ఎంపికలో మగ అభ్యర్థికి ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3, గాలి పీల్చినప్పుడు కనీసం 5 సెంటీమీటర్ల విస్తరణ కావాలి. మన మన్యం గిరిజన బిడ్డలకు 160, 80, 3. చేజారితే మళ్లీ నోటిఫికేషన్ దాకా ఆగాల్సిందే. బెంచ్ ప్రెస్ చేసి ఛాతీ కండ పెంచినంత మాత్రాన ఆ 5 రాదు. పక్కటెముకలు విచ్చుకోవాలి, డయాఫ్రం దిగాలి. మాస్టారు రోజూ ఊపిరి సాధన చేయించేది అందుకే. కొలిచేటప్పుడు టేపు వీపు మీద జారకుండా ముందూ వెనకా ఒకే ఎత్తున ఉందో లేదో పక్కవాడు చూసి చెప్పాలి.

ఆ వంకన కోడి రామమూర్తి నాయుడి మాట వచ్చింది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కసు పెట్టి దేశమంతా తిరిగి కలియుగ భీముడనిపించుకున్న ఆయన ఒంటికి గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగించి తెంపేవారు. 1942లో కన్నుమూశారు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ముందు ఫోటోలు దిగే కుర్రాళ్లకు, ఆయన బలానికి ఊపిరే మూలమని ఎవరైనా చెప్పాలి.

నేను లేవబోతుంటే పోర్టులో కళాసీగా బస్తాలు మోసి రిటైరైన ఒక తాతగారు వచ్చారు. మాస్టారు ఆయన పిక్క కొలిచారు. వయసు పైబడ్డాక కండ కరిగిపోవడాన్ని ముందే పట్టడానికి పిక్క కొలతే తేలికైన దారి. మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్లకు తగ్గితే మరిన్ని పరీక్షలు చేయాలని 2019లో ఆసియా నిపుణుల బృందం చెప్పింది. తాతగారిది 33.5. “రోజూ కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేవాలి, గుడ్డో పప్పో తప్పకుండా తినాలి బావుగారూ. ఓసారి డాక్టరుకీ చూపించండి” అని మాస్టారు ఆయన పేరున కొత్త పుస్తకం తెరిచారు.

నా దృష్టిలో, ఖరీదైన మెషీన్లున్న చాలా జిమ్‌లకన్నా ఈ రేకుల షెడ్డు పిల్లలకు ఎక్కువ మేలు చేస్తోంది. పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న తమ్ముళ్లూ, నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి. ఈ నెలలోనే, కసరత్తుకు ముందు, తెలిసినవాళ్ల చేత ఛాతీ, చెయ్యి, నడుము కొలిపించుకుని తేదీ వేసి రాసుకోండి. ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే వాళ్ల పిక్కలూ కొలిచి అదే పుస్తకంలో రాయండి.