మా మోతి కడపటి దినములు

కోఠిలోని మా యింట మోతి యను కుక్క 12 ఏండ్లు పెరిగెను. గత వేసవిలో అది మాటిమాటికి నీళ్లు త్రాగుచుండగా, ఎండల తాపమని మేము తలంచితిమి. అన్నము ముట్టక వాంతులు చేసికొనిన పిదప గాని నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు కొనిపోమైతిమి.

రక్తము పరీక్షించి వైద్యులు మూత్రపిండములు చెడినవనిరి. వాని శక్తిలో సుమారు 75 శాతము నశించిన గాని రక్తములో క్రియాటినిన్ హెచ్చినట్లు సామాన్యముగ తెలియదట. చెడిన భాగము మరల బాగుపడదట. అధిక దాహము తొలి గురుతులలో నొకటి. దానిని కన్నులార చూచియు మేము గుర్తింపమైతిమి.

ఇక మార్గములు రెండే: దినదినము చర్మము క్రింద సెలైను ఎక్కించుచు, భాస్వరము తక్కువగల ఆహారము నిడుట, లేదా సూదిమందుతో బాధలేని మరణము నొసగుట.

"ఎట్లయినను బ్రతికింపుము, నాన్నా" యని మా చిన్నవాడు ఏడ్చెను. బ్రతికించుట మోతి కొరకా, మా దుఃఖమునకు వెఱచియా యని మమ్ము మేమే ప్రశ్నించుకొంటిమి. తుదకు, అది తనంత తాను తిని, మా యడుగుల చప్పుడునకు తోక యాడించునంతవరకు చికిత్స చేయింప నిశ్చయించితిమి.

31 దినములు గడచెను. ఆ మరునాడు మేము బడినుండి రాగా తోక కదలలేదు. మరుసటి దినమును కదలలేదు, మెతుకును ముట్టలేదు. చిన్నవానికి నచ్చజెప్పి, వాని వెంటబెట్టుకొని వైద్యుని కడ కేగితిమి. తుది నిమిషము వరకు దాని తల మా యొడిలోనే యుండెను.

విద్యార్థులారా, మూగజీవి తన బాధను చెప్పజాలదు. దాని నీళ్లగిన్నె చెప్పును. మేము ఆలస్యముగ చదివిన యీ పాఠమును మీరు ముందే చదువుకొనుడు.