అమ్మ చీరా, నా సూదీ

మా అమ్మ చేతికి వణుకు మొదలై రెండేళ్ళవుతోంది. మందులు వాడుతోంది, కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటోంది, అవన్నీ ఇంట్లో అందరికీ అలవాటైపోయాయి. అలవాటు కానిది ఒక్కటే, బీరువాలో పాత దుప్పట్లో చుట్టిపెట్టిన ఆకుపచ్చ మంగళగిరి చీర. మా అక్క కూతురి పెళ్ళికని పైటకొంగు నిండా కచ్ వర్క్ మొదలెట్టింది. ఇరవైనాలుగు పువ్వుల్లో పదిహేను అయ్యాక చెయ్యి మొరాయించింది.

"పోనీ ఎవరికైనా ఇచ్చి కుట్టిద్దాం అమ్మా" అంటే, "డబ్బులిచ్చి కుట్టించేదానికి నేను మొదలెట్టడం ఎందుకురా" అంది. నోరు జారి "అయితే నాకు నేర్పు" అన్నాను. "గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకు తిరిగే మొహానివి" అంది. నిజమే, కాదనలేను :)

కచ్ వర్క్ అని మనవాళ్ళు పిలిచేదాంట్లో చాలా రకాలున్నాయి గానీ, మన ఇళ్ళల్లో ఎక్కువగా కుట్టేది సింధీ కుట్టు. ఇంగ్లీషు పుస్తకాల్లో మాల్టీస్ క్రాస్ అంటారు. ఇప్పుడు టర్కీలో ఉన్న మరాష్ ఊళ్ళో ఆర్మేనియన్లు కూడా ఇలాంటి అల్లికే కుట్టేవాళ్ళు. దీంట్లో గమ్మత్తేంటంటే పని రెండు విడతలు. మొదట గుడ్డ మీద పొడవాటి దారాలతో ఒక పంజరం వేసుకోవాలి. దారాలు కలిసే ప్రతిచోటా ఒకసారి పైనుంచి, తర్వాత కిందనుంచి, లెక్క తప్పకుండా పోవాలి. రెండో విడతలో మొదలూ చివరా తప్ప సూది గుడ్డలోకి అసలు దిగదు. నులకమంచం అల్లినట్టు ఆ పంజరంలోనే అల్లుకుంటూ పోవడమే. అందుకే సూదిని తిరగేసి బెజ్జం వైపు ముందుకు తొయ్యమంది అమ్మ. మొన ముందు పెడితే గుడ్డనో, కింది దారాన్నో పొడిచేస్తుంది.

మొదటి పువ్వు పాత దిండు గలీబు మీద వేశాను. పంజరం బానే ఉన్నట్టు కనిపించింది. అల్లిక మూడొంతులయ్యాక దారం వెళ్ళాల్సిన చోట దారి లేదు! గంటసేపు అల్లికలోనే తప్పు వెతికాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కసారి చూసి, పంజరంలో ఒక దారం కిందనుంచి పోవాల్సింది పైనుంచి పోయిందని తేల్చేసింది. అంటే మొత్తం విప్పాలి. పదిహేనేళ్ళుగా డీబగ్గింగ్ చేసి బతుకుతున్నవాణ్ణి, నాకది తట్టలేదు.

రెండోది బిగించి లాగాను, గుడ్డ ముడతలు పడింది. పంజరం కాస్త వదులుగా ఉండాలట, అల్లే దారం దాన్ని ఎలాగూ లాగుతుంది. మూడోదానికి మధ్యలో దారం అయిపోయింది. ఆంకర్ దారం లచ్చి ఎనిమిది మీటర్లు, ఆరు పోగులు. అందులో ఒక పువ్వు అల్లికకి ఎంత తుంచుకోవాలో అమ్మ మూరతో కొలుస్తుంది. నా మూర వేరు కదా!

అన్నట్టు, మిషన్ మీద ఇలాగే కనిపించేలా కుట్టి అమ్ముతున్నారు. చూపుకి అదీ బానే ఉంటుంది, తప్పుపట్టను. కానీ మిషన్ సూది ప్రతి కుట్టుకీ గుడ్డని పొడిచి కింది దారంతో లంకె వెయ్యాల్సిందే. తేడా తెలియాలంటే వెనక్కి తిప్పి చూడాలి. చేతిపనికి వెనక చిన్న చిన్న చుక్కల్లాంటి కుట్లే ఉంటాయి.

తొమ్మిదో పువ్వు శుభ్రంగా వచ్చాక చీర అడిగాను. ఇవ్వలేదు. ఇంకో నాలుగు కుట్టి చూపించాను. "చూద్దాంలే" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇన్ని శనాదివారాలు తగలేశాక నామీద ఈమాత్రం నమ్మకం లేదా అని ఆ పూట మాట్లాడలేదు కూడా. నాకు చాలా ఆలస్యంగా వెలిగింది, ఆవిడ భయం చీర పాడవుతుందని కాదు. ఆ చీర నా చేతిలో పెట్టేస్తే ఇక తను కుట్టదన్న మాట ఖాయమైపోతుంది. ఆ తర్వాత నేను అడగడం మానేశాను.

పోయిన నెల ఒక రాత్రి ఆఫీసు కాల్ ముగించుకుని వచ్చేసరికి చీర మంచం మీద పరిచి ఉంది. "కుట్టు నువ్వు వెయ్యి, చుక్కలు మాత్రం నేనే పెడతా" అంది. పెన్సిల్ తో పెట్టింది. చెయ్యి వణికి కొన్ని పక్కకి జరిగాయి. ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. రబ్బరు పక్కనే ఉంది, ఇద్దరం ముట్టుకోలేదు. ఆ చుక్కల మీదే కుట్టాను. పదహారో పువ్వు కాస్త ఎడమకి వాలి ఉంటుంది.

పూర్తయ్యాక తిప్పి వెనకవైపు చూసింది. చాలాసేపు వేలితో తడిమింది.

"ముడి లావుగా ఉంది" అంది.

ఇంకా ఎనిమిది ఉన్నాయి. పెళ్ళి మాఘంలో.