వాయిదాల పుస్తకం

న్యాయస్థానం వరండాలో ఒళ్ళో సంచీ పెట్టుకొని కూర్చున్న స్త్రీలను చూసినప్పుడల్లా మాకు హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజి) గుర్తుకు వస్తారు. భర్త ఔస్ బిన్ సామిత్ కోపావేశంలో ఆమెను తన తల్లి వీపుతో పోల్చి దూరం పెట్టాడు. అజ్ఞానకాలపు ఆచారంలో ఆ ఒక్క మాటతో కాపురం తెగిపోయేది. ఆమె తలరాత అనుకొని ఇంట్లో కూర్చోలేదు. నేరుగా దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వెళ్ళి, తన పిల్లల గురించీ తన వయసు గురించీ చెప్పుకొని, జవాబు వచ్చేదాకా కదలకుండా వాదించారు. ఆ ఇంట్లోనే ఒక మూలన ఉన్న హజ్రత్ ఆయిషా (రజి)కి కూడా కొన్ని మాటలు వినిపించలేదట. అల్లాహ్ విన్నాడు. దివ్య ఖుర్ఆన్‌లో 'ముజాదిలా' సూరాకు ఆ పేరు ఆమె వాదన వల్లనే వచ్చింది.

ఈ వృత్తాంతం మాకు చిన్ననాటి నుండీ తెలుసు. ఇజ్తిమాలలో ఎన్నోసార్లు చెప్పాము కూడా. అయినా మా ముందుకు ఒక ఆడపిల్ల వచ్చి నోరు విప్పినప్పుడు మేము సరిగా వినలేదు. ఆ సంగతి ఒప్పుకొనడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము ఇద్దరము. ఒకరిది కర్నూలు, ఒకరిది కడప. జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో పారా లీగల్ వాలంటీర్లుగా పేరు రాయించుకొన్న నాటి నుండి మా పని ఇదే: గృహహింసకు గురైన స్త్రీని ఆసుపత్రికీ, అధికారికీ, వకీలుకూ, న్యాయస్థానానికీ, పోలీసు స్టేషనుకూ మధ్య దారి తప్పకుండా నడిపించడం. వినడానికి ఇది సులువుగా ఉంటుంది. ఈ అయిదు చోట్లా ఎవరి పని వారు చేస్తూనే ఉంటారు. ఒక చోటి కాగితం రెండో చోటికి చేరిందా లేదా అని చూసే మనిషే ఉండడు.

ఆ పిల్ల పుట్టిల్లు కర్నూలుకు పడమట, ఆదోని వైపు ఒక పల్లె. వానలు లేని ఏడాది ఆ పల్లెల్లో సంక్రాంతి దాటగానే ఇళ్ళకు తాళాలు పడతాయి. జనమంతా గుంటూరు వైపు మిరపకోతలకు తరలిపోతారు. ఆమెను కడపలో ఇచ్చారు. భర్త అన్న కువైట్‌లో పనిచేస్తూ పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు. దస్తావేజు అత్తగారి పేరిట ఉంది. మొదటిసారి ఆమె దెబ్బలు తిని పుట్టింటికి వచ్చినప్పుడు రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారు. స్త్రీల తరఫున ఉంటే బాగుంటుందని మమ్మల్నీ పిలిచారు. స్టాంపు కాగితం మీద రాజీనామా రాశారు. ఇకపై చేయి చేసుకోనని అతడు సంతకం పెట్టాడు. "సబర్ చెయ్ బేటీ, కాపురమన్నాక ఇవన్నీ ఉంటాయి" అని ఆ పిల్లకు చెప్పినవారు పెద్దలు కారు. మేమే చెప్పాము.

రెండోసారీ అంతే జరిగింది. కాగితం మారింది, మాట మారలేదు.

మూడోసారి ఆమె మణికట్టు విరిగి వచ్చింది. కట్టు కట్టిన చోట చీటీలో 'మెట్ల మీద నుండి జారిపడినది' అని ఉంది. పక్కనే భర్త నిలబడి ఉండగా ఆమె మరేమి చెప్పగలదు? ఆ రాత్రి మేమిద్దరమూ ఫోనులో చాలాసేపు మాట్లాడుకొన్నాము. 'సునన్ అబూ దావూద్'లోని ఒక ఉల్లేఖనం మాలో ఒకరికి గుర్తుకొచ్చింది. సాబిత్ బిన్ ఖైస్ తన భార్య హబీబా బిన్తె సహ్ల్‌ను కొట్టగా ఆమెకు ఎముక విరిగింది. తెల్లవారిన తరువాత ఆమె దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి మొర పెట్టుకొన్నారు. ఆయన (సఅసం) ఆమెను తిరిగి ఇంటికి పంపలేదు. సాబిత్‌ను పిలిపించి, అతడు మెహర్‌గా ఇచ్చిన రెండు తోటలను అతడికి ఇప్పించి, ఆమెను విడిపించారు. సాబిత్ మామూలు మనిషి కూడా కాదు. అన్సార్ల పక్షాన ప్రసంగించే గొప్ప వక్త, గౌరవనీయుడైన సహాబీ. అయినా అక్కడ జరిగింది విచారణ, తీర్పు. మేము మాత్రం విరిగే ఎముకను రెండుసార్లు వెనక్కి పంపాము.

పెద్దల రాజీ తప్పని మేము అనడం లేదు. భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందని భయం కలిగితే ఇరు పక్షాల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని పెట్టమని 'నిసా' సూరా చెబుతున్నది. కానీ ఆ మధ్యవర్తిత్వం ఇద్దరి మధ్య తగవుకు. ఒకరు కొట్టడం, మరొకరు తినడం తగవు కాదు. ఈ తేడా మాకు చాలా ఆలస్యంగా అర్థమయింది.

అప్పుడు చట్టం తలుపు తట్టాము. గృహహింస నుండి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉంది. మన ఇళ్ళలో దీని గురించి ఉన్న భయం ఒక్కటే: అల్లుణ్ణి జైలులో వేస్తారని. ఆ భయంతోనే తల్లులు సైతం నోరు మూసుకొంటారు. నిజానికి ఈ చట్టం కింద వేసే అర్జీ శిక్ష కోసం కాదు, రక్షణ కోసం. కొట్టకూడదని ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటకూడదని ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, పిల్లల సంరక్షణ, ఇవీ అందులో అడిగేవి. ఆ ఉత్తర్వును ఉల్లంఘించినప్పుడే శిక్ష మాట వస్తుంది. అది ఏడాది వరకు జైలు గాని, 20,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని. అర్జీ అందిన మూడు రోజుల్లో మామూలుగా మొదటి విచారణ, అటు నుండి 60 రోజుల్లో పరిష్కారానికి ప్రయత్నం జరగాలని కూడా చట్టంలోనే ఉంది. ప్రయత్నం అన్న ఆ మాటలో ఎన్ని నెలలు ఇముడుతాయో వరండాలో కూర్చున్నవారికి తెలుసు.

అర్జీ కడపలోనే వేయాలని ఎవరో చెప్పగా, ఆమె తండ్రి అంతకుముందే రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి వచ్చాడు. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు దాదాపు 200 కిలోమీటర్లు. వెళ్ళిన రోజు కూలీ పోతుంది, వచ్చిన రోజు ఒళ్ళు పోతుంది. ఆ శ్రమ అవసరమే లేదు. బాధితురాలు తాత్కాలికంగా నివసించే చోటనైనా అర్జీ వేసుకొనవచ్చునని చట్టంలోని 27వ సెక్షను చెబుతున్నది. ఆమె కర్నూలు పాతపట్టణంలో ఖాలా ఇంట్లో ఉన్నది గనుక అక్కడే వేశాము. స్త్రీ అయితే చాలు, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం అంటుంది; వకీలు దొరికారు. మన రాష్ట్రంలో రక్షణాధికారి బాధ్యత స్త్రీ, శిశు సంక్షేమ శాఖ జిల్లా ప్రాజెక్టు డైరెక్టరుది. అక్కడ గృహహింస నివేదిక తయారయింది. నికాహ్‌నామా ఉర్దూలో ఉండగా దాన్ని తెలుగులోకి రాయించాము. ఎముక సంగతి తేల్చడానికి మరో ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించి, ఈసారి భర్త లేని గదిలో డాక్టరమ్మ అడగ్గా ఆమె చెప్పిన మాటను చెప్పినట్టే రాయించాము.

"ఇల్లు నా పేరిట ఉంది, దానికి ఇందులో హక్కెక్కడిది?" అని అత్తగారు అడిగారు. ఆ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2020 అక్టోబరులోనే జవాబు చెప్పింది: ఇల్లు భర్త బంధువుల పేరిట ఉన్నా, దంపతులుగా కాపురమున్న ఉమ్మడి నివాసమైతే కోడలు అందులో నివాసపు హక్కును కోరవచ్చు. మా అమ్మాయి అయితే ఆ ఇంటికి మళ్ళీ పోనన్నది. వేరే చోట అద్దె ఇప్పించమని అడిగే వీలు కూడా ఉన్నది, అదే అడిగాము.

ఇంత జరిగాక కూడా కేసు ఒక ఉదయం కొట్టివేతకు గురైంది. అర్జీలో ఆమె ఫోను అని రాసిన నంబరు ఆమె తమ్ముడిది. వాయిదా తేదీ ఆ నంబరుకే వెళ్ళింది. తమ్ముడు ఆ వారం గుంటూరు వైపు మిరపచేలో ఉన్నాడు. వకీలు సెలవులో ఉన్నారు. పేరు మూడుసార్లు పిలిచారు, పలికేవారు లేరు. దీన్ని ఎవరి తప్పని చెప్పాలి? నంబరు ఎవరిదని అడగనిది మేమే. మళ్ళీ అర్జీ పెట్టి కేసును నిలబెట్టుకొనేసరికి వేసవి వచ్చింది.

ఆ రోజునే మేము ఒక పొడవాటి నోటుపుస్తకం కొన్నాము. ఒక్కొక్క స్త్రీకి ఒక పుట. తేదీ, ఏ కాగితం, ఎవరి చేతి నుండి ఎవరి చేతికి, ముట్టినట్టు సంతకం ఉందా, తరువాతి వాయిదా, ఆ రోజు పిల్లల్ని ఎవరు చూస్తారు, బస్సు ఏది. ప్రతి శుక్రవారం జుమా తరువాత కర్నూలు పుస్తకమూ కడప పుస్తకమూ ఫోనులో ఒకదానికొకటి చదువుకొంటాము. ఇంతకు మించిన పథకమేమీ లేదు. ఆ పుస్తకం వల్లనే తెలిసింది: మధ్యంతర ఉత్తర్వు వచ్చి 19 రోజులైనా దాని నకలు భర్త ఉండే చోటి పోలీసు స్టేషనుకు చేరలేదు. ఉత్తర్వు నకలును ఇరు పక్షాలతో పాటు స్టేషను అధికారికి కూడా ఉచితంగా ఇవ్వాలని 24వ సెక్షనులో ఉంది. కడపలోని మాలో ఒకరు నకలు పట్టుకొని వెళ్ళి, తీసుకొన్నట్టు ముద్ర వేయించుకొని వచ్చారు. ఆ మరునాటి నుండి అతడు ఖాలా ఇంటి సందులో నిలబడటం మానుకొన్నాడు.

ఈ పనిని మాకంటె పెద్ద ఎత్తున చేసినవారు ఉన్నారు. హైదరాబాదులో 2016లో తెరిచిన 'భరోసా' కేంద్రంలో పోలీసు, వైద్యం, సలహా, న్యాయసహాయం ఒకే కప్పు కిందకు తెచ్చారు. లాహోరులో 2017 అక్టోబరులో స్త్రీలపై హింస కేసుల కోసమే ఒక న్యాయస్థానం ఏర్పడింది. బాధితురాలు నిందితుడి ముఖం చూడకుండా సాక్ష్యం చెప్పేందుకు అక్కడ ఏర్పాటు ఉంది. పర్దా అంటే ఇది కూడా అని మాకు అనిపించింది. మన దేశంలో జిల్లాల్లోనూ తాలూకాల్లోనూ రక్షణాధికారులను గుర్తించి నియమించాలని సుప్రీంకోర్టు 2025 మే నెలలో రాష్ట్రాలను ఆదేశించింది. చట్టం వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తున్నప్పుడు అలా ఆదేశించవలసి వచ్చిందంటే సంగతి అర్థం చేసుకోవచ్చు.

ఇలా కోర్టుకు పోవడం షరీఅత్‌ను విడిచిపెట్టడమేనని మాతో అన్నవారున్నారు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా భరణం కోరవచ్చునని సుప్రీంకోర్టు 2024 జూలై 10న, తెలంగాణ నుండి వెళ్ళిన కేసులో తీర్పు ఇచ్చినప్పుడు ముస్లిం పర్సనల్ లా బోర్డు అభ్యంతరం తెలిపింది. ఆ చర్చ పండితులది. అందులోకి మేము పోము. మా పుస్తకంలో ఉన్న స్త్రీలలో ఎక్కువమంది ఇంకా నికాహ్‌లోనే ఉన్నారు. నికాహ్‌లో ఉన్న భార్య తిండి, బట్ట, నివాసం భర్త బాధ్యత అనడంలో ఏ మజ్‌హబ్‌కూ భేదం లేదు. ఆ బాధ్యతను ఎగవేసినవాడి చేత న్యాయమూర్తి కట్టిస్తే షరీఅత్‌కు వచ్చిన లోటేమిటో చెప్పమని అడిగాము. ఒక పెద్దాయన కాసేపు ఊరకుండి, "రాజీనామా రాసేముందు ఈ పిల్లను ఒంటరిగా అడిగి ఉండవలసిందమ్మా" అన్నారు. మొదటి రెండు రాజీల్లోనూ ఆయన సాక్షి సంతకం ఉంది. ఇప్పుడు ఆ మొహల్లాలో ఇలాంటి తగవు వస్తే, ముందు ఆడవారిలో ఒకరు లోపలి గదిలో ఆమెతో మాట్లాడి వచ్చాకే పెద్దలు కూర్చుంటున్నారు. దెబ్బలున్నాయని తెలిస్తే కూర్చోవడం లేదు. మాకు ఫోను చేస్తున్నారు.

ఆమె కేసు ఇంకా ముగియలేదు. నెలకు 4,000 రూపాయల మధ్యంతర భరణంలో మూడు నెలల బాకీ ఉంది. దాని వసూలుకు అర్జీ వేశాము. ఖులా విషయం ఆమె ఇంకా తేల్చుకోలేదు, మేము తొందర పెట్టడం లేదు. విరిగిన చేయి పూర్తిగా వంగదు గాని కుట్టుమిషను నడుపుతున్నది. మొదటి నెల కూలీతో ఒక చిన్న ఫోను కొనుక్కొంది. పోయిన వాయిదా నాడు మా చేతిలోని పుస్తకం తీసుకొని, తన పుట వెదికి, తమ్ముడి నంబరు కొట్టివేసి, దాని పక్కన తన నంబరు తానే రాసింది.