కాళ్ల బలానికి ఒక కొండ పరీక్ష

ఫ్రాన్స్ దేశపు దక్షిణాన, ప్రొవాన్స్ సీమలో వాంటూ పర్వతం ఒంటరిగా నిలిచి ఉంటుంది. ఎత్తు 1,910 మీటర్లు. దూరం నుండి చూచేవారికి శిఖరంపై మంచు ఉన్నట్లు తోస్తుంది. నిజానికి అది తెల్లని సున్నపురాయి.

బెద్వాన్ గ్రామం నుండి శిఖరానికి సుమారు 21 కిలోమీటర్ల దారి. మొదట ద్రాక్షతోటల నడుమ సులువుగానే సాగుతుంది. అడవిలో ప్రవేశించగానే ప్రతి 100 మీటర్లకు దాదాపు 9 మీటర్ల ఎత్తు ఎక్కవలసి వస్తుంది. భారమంతా తొడల ముందు కండరాలపై, పిరుదులపై పడుతుంది. పిక్కలు వాటికి తోడు నిలుస్తాయి. అనుభవజ్ఞులు తేలిక గేరులో, తొందరపడక తొక్కుతారు, మరునాడు విశ్రమిస్తారు. శ్రమ కండరాన్ని మేల్కొలుపుతుంది. దానిని పెంచేవి తిండి, నిద్ర.

చివరి ఆరు కిలోమీటర్లలో నీడ అన్నది లేదు. 1967 జూలై 13న టూర్ ద ఫ్రాన్స్ పందెంలో బ్రిటిష్ వీరుడు టామ్ సింప్సన్ అక్కడే కూలిపోయి మరణించాడు. అతడు 1965లో ప్రపంచ విజేత. మరణించేనాటికి వయస్సు 29. కాళ్లలో బలానికి కొదవ లేదు. కాని ఆనాటి ఎండ నిప్పులు చెరిగింది. శరీరంలో నీరు ఇంకిపోయింది. పైగా అతడు యాంఫిటమిన్ మందు పుచ్చుకొని ఉన్నాడు. అలసట శరీరానికి కాపలాదారు. ఆ మందు కాపలాదారు నోరు నొక్కివేసింది.

శిఖరానికి కొద్ది దిగువన అతని స్మారకశిల ఉన్నది. కొండ ఎక్కే సైకిలు యాత్రికులు అక్కడ ఆగి, ఒక టోపీనో, నీళ్ల సీసానో ఉంచి, ఊపిరి తీసుకొని ముందుకు సాగుతారు.