మునుం పట్టినట్టు పైథాన్

మా క్లాసు రాత్రి తొమ్మిదిన్నరకి. ఆ టైముకి హాస్టల్ మెస్సులో అన్నాలు అయిపోతాయి. కూలికెళ్లిన అమ్మలు ఇంటికొస్తారు, ఇంట్లో ఉన్న ఒకే ఫోను పిల్లల చేతికి వస్తుంది. మొత్తం పన్నెండు మందిమి. ల్యాప్‌టాప్ ఉన్నది ముగ్గురికే, మిగతావాళ్లంతా ఫోనులోనే కొలాబ్ తెరుస్తారు. జూమ్‌కి డబ్బు కట్టం కాబట్టి 40 నిమిషాలకి తెగిపోతుంది. మళ్లీ లింకు పెట్టుకుంటాం.

ఇద్దరిద్దరుగా చేస్తాం. ఒకరు టైపు చేస్తారు, రెండోవాళ్లు చెబుతారు, పావుగంటకి మారతారు. కంపెనీల్లో దీన్ని పెయిర్ ప్రోగ్రామింగ్ అంటారు. మా అమ్మావాళ్లు కలుపుకి మునుం పట్టడం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. పక్కామె వెనకబడితే ఇటుపక్కామె చెయ్యి చాపి ఆమె వరస కూడా కొంత లాగేస్తుంది. ఎవరి మార్కులు వాళ్లవి అనే జబ్బు మనకి బడిలో అంటింది, చేలో కాదు.

చేరేవాళ్లకి షరతులు రెండే. పేరు పక్కన ఇంటిపేరు పెట్టొద్దు. ఎవరినీ ఎంసెట్ ర్యాంకు అడగొద్దు. ఇంతకుముందు వేరేచోట, ఉచితంగా నేర్పుతానని వచ్చిన ఒక పెద్దమనిషి మొదటిరోజే అందరి ర్యాంకులూ అడిగాడు. మా తమ్ముడొకడు చెప్పాడు. "ఆ ర్యాంకుకి సీటెలా వచ్చింది?" అన్నాడాయన. తర్వాత నెలరోజులు మావాడు మైకు తెరవలేదు. ర్యాంకు అడగడమంటే కులం అడగడమే, కాస్త ఇస్త్రీ చేసి అడగడం. డౌటు అడగలేనివాడు ప్రోగ్రామింగ్ ఎట్లా నేర్చుకుంటాడు? ఈ పనిలో సగం తప్పులే కదా.

అందుకే మేం ఎర్రర్‌ని పైకి చదువుతాం. అది ఇంగ్లీషులో ఉంటుంది, చాలామంది చూడగానే కిటికీ మూసేస్తారు. చివరి లైను ముందు చదవండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. ఫోను కీబోర్డులో ట్యాబు మీట ఉండదు, స్పేసు నాలుగుసార్లు కొట్టాలి. ఒక లైనుకి నాలుగు, కింది లైనుకి మూడు పడితే పైథాన్ ఒప్పుకోదు. "ఈ లైను ఏ ఇంటిదో దానికి అర్థం కావట్లేదన్నా" అని ఒక చెల్లె చెప్పింది. ఏ పుస్తకంలోనూ నాకు ఇంత బాగా అర్థం కాలేదు.

ఆ చెల్లే 2024లో ఒక లెక్క తెచ్చింది. వాళ్లమ్మకి ఉపాధి పని డబ్బులు 1800 ఆలస్యంగా పడ్డాయి. అప్పుడు అమల్లో ఉన్న 2005 ఉపాధి హామీ చట్టం ప్రకారం మస్టరు మూసిన 15 రోజుల్లో కూలి పడాల్సి ఉండేది. లేకపోతే 16వ రోజు దాటాక రోజుకి 0.05 శాతం పరిహారం రావాల్సి ఉండేది. 40 రోజుల ఆలస్యానికి ప్రోగ్రాం 36 అని చూపించింది.

"36 రూపాయలేనా?" అన్నారెవరో.

"మా పల్లెలో 22 మందివి ఇట్లాగే ఆగాయి" అందామె. ఆ రాత్రే లిస్టు, లూపు నేర్చుకున్నాం. రెండుసార్లు మీటింగు తెగింది, ఎవరూ పోలేదు. పేరు, బాకీ, మస్టరు మూసిన తేదీ, డబ్బు పడిన తేదీ, పరిహారం. ఇరవై రెండు వరసలు.

కాగితం ప్రింటు తీయించి ఆఫీసుకి పట్టుకెళ్లింది. అక్కడి ఆయన క్యాలెండరు తీసి వేళ్ల మీద లెక్కపెట్టి, "ఒక రోజు ఎక్కువేశావమ్మా" అన్నాడట.

"ఫిబ్రవరి 29 మర్చిపోయారు సార్" అందట.

కాగితం తీసుకున్నారు. పరిహారం ఇంకా పడలేదు. ఆ రోజు నుంచి ఎన్నాళ్లయిందో చెప్పే లైను కూడా ఆమె ప్రోగ్రాంలో చేర్చింది.

జై భీమ్.