పంటికి సిమెంటు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాం. అవి పెద్దలు ఎలాగూ రాస్తారు. అందుకని మేము పళ్ళ గురించి రాస్తున్నాం. నవ్వకండి తమ్ముళ్ళూ. నవ్వినా ఫరవాలేదు గానీ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వండి. ఈ వ్యాసం సంగతే అది.

మేము అంటే ముగ్గురం. పెనుగొలను, ఆ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళం. ఈ హాస్టల్లో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పెట్టుకుని చదివి, ఇప్పుడు పీజీ చేస్తున్నాం. మూడిళ్ళలోనూ డిగ్రీ పట్టా అన్నది మాతోనే మొదలు. రాస్తున్న చెయ్యి ఒకటే అయినా అనుభవం ముగ్గురిదీ.

మన ఇళ్ళలో పంటి నొప్పికి వైద్యం అంటే పన్ను పీకించడమే. అంతకు ముందు చేసేవన్నీ ఆ రోజును వాయిదా వెయ్యడానికే. లవంగం కొరికి పెట్టుకోవడం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం, కొందరైతే చుట్ట ముక్క అదిమిపెట్టడం. నాయనమ్మల కాలంలో వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ నోటికి పట్టించి, పంటి పురుగు రాలిపోయిందని చెప్పేవారట. నిజానికి పంట్లో పురుగు ఉండదు. మనం తిన్న తీపినీ, పిండి పదార్థాలనూ వాడుకుని నోట్లోని బాక్టీరియా ఆమ్లం తయారు చేస్తుంది. పంటి మీద పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. ఎముక కంటే గట్టిదైన ఎనామెల్ కూడా అలా రోజూ కొంచెం కొంచెం కరిగి గుంత పడుతుంది. మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి గట్టిగా తెలిసేసరికి గుంత నరం దగ్గరికి పోయి ఉంటుంది.

నొప్పి లేని పంటి కోసం మిరప కోతలు మానుకుని ఆసుపత్రికి ఎవరు పోతారు? ఒక పూట పోతే ఆ పూట కూలి పోయినట్టే. అందుకే మా అమ్మలకు యాభై ఏళ్ళు రాకముందే దవడ పళ్ళు పోయాయి. అన్నం మెత్తగా పిసుక్కుని తినడం వాళ్ళకు అలవాటైపోయింది. దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు.

మాలో ఒకడికి ముందు పళ్ళ రెండింటి మధ్య నల్లటి మచ్చ ఉండేది. క్లాసులో జవాబు తెలిసినా లేచేవాడు కాదు. గ్రూప్ ఫొటోలో పెదాలు బిగించేవాడు. సిగ్గరి అనుకునేవారు లెక్చరర్లు. సంగతి మా ఇద్దరికే తెలుసు. పీజీలో సెమినార్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు వాడికి నిద్ర పట్టలేదు. ఒక క్లినిక్కులో చూపిస్తే, రెండు పళ్ళూ తీసేసి కట్టుడు పళ్ళు పెడదామన్నారు. చెప్పిన రేటు వాళ్ళ నాన్న నెల కూలికన్నా ఎక్కువ. ఇరవై మూడేళ్ళకే కట్టుడు పళ్ళా అని ఇంట్లో ఏడుపు.

అప్పుడు మన హాస్టల్ సీనియర్ అన్న ఒకరు, "ముందు విజయవాడ గవర్నమెంటు డెంటల్ కాలేజీలో చూపించండ్రా, తర్వాత చూద్దాం" అన్నారు. 2024లో ఒక సోమవారం తెల్లవారుజామున తిరువూరులో బస్సెక్కి, మైలవరం మీదుగా ముగ్గురం వెళ్ళాం. తోడు వెళ్ళిన ఇద్దరం కూడా ఎందుకైనా మంచిదని ఓపీ చీటీ రాయించుకున్నాం.

చూసిన హౌస్ సర్జన్ మేడం మా వయసే ఉంటారు. ఎక్స్‌రే తీయించి, పెద్ద డాక్టరు గారికి చూపించి వచ్చి, "పళ్ళు తియ్యాల్సిన పని లేదు, నరం దాకా పోలేదు. పంటి రంగు ఫిల్లింగ్ పెడదాం" అన్నారు. తర్వాత వరసగా పళ్ళు గుచ్చినట్టున్న ఒక పట్టీ తెచ్చి వాడి పళ్ళ పక్కన పెట్టి చూశారు. ఏ, బీ, సీ, డీ అని నాలుగు జాతులు, మొత్తం 16 రంగులు. వాడు అన్నిటికన్నా తెల్లది చూపించి అదే కావాలన్నాడు. మేడం నవ్వి, "పంటి రంగు అంటే తెలుపు కాదు. నీ పక్క పంటి రంగు. తెల్లది పెడితే అదొక్కటే కనపడుతుంది" అన్నారు. వాడిది ఏ3 అని తేలింది. పన్ను ఎండితే తెల్లగా కనిపిస్తుందట, అందుకని పని మొదలుపెట్టకముందే రంగు చూస్తారట.

పుచ్చిన భాగం గీకేశాక నీలం రంగు జెల్ రాశారు. అది ఫాస్ఫారిక్ ఆమ్లం. పన్నును పాడు చేసిందీ ఆమ్లమే, బాగు చెయ్యడానికి ముందు రాసేదీ ఆమ్లమే! కొద్ది సెకన్లు ఉంచి కడిగితే ఎనామెల్ మీద కంటికి కనపడని గరుకు ఏర్పడుతుంది. ఆ గరుకులోకి జిగురు దిగి పట్టుకుంటుంది. దాని మీద మైనంలా మెత్తగా ఉండే కాంపోజిట్‌ను పొరలు పొరలుగా పెట్టి, ఒక్కో పొరకూ నీలం లైటు వేస్తే గట్టిపడుతుంది. మేము చదివిన పాలిమర్ల పాఠం మా వాడి నోట్లోనే జరిగింది. ఆమ్లంతో ఎనామెల్‌ను గరుకు చేసే పద్ధతిని 1955లో మైఖేల్ బ్యూనోకోర్ చెప్పారు. కాంపోజిట్‌కు ఆధారమైన రెజిన్‌కు 1962లో రాఫెల్ బోవెన్ పేటెంటు పొందారు.

మాలో రెండోవాడికి దవడ పంట్లో చిన్న గుంత బయటపడింది. వాడికి నొప్పే లేదు. పాతకాలపు వెండి సిమెంటు పెడతారేమో అనుకున్నాం. అందులో సుమారు సగం పాదరసం ఉంటుంది. పాదరసం వాడకాన్ని తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరి, 2017లో అమల్లోకి వచ్చింది. మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది. అలాగని ఇప్పటికే నోట్లో గట్టిగా ఉన్న వెండి సిమెంటును భయపడి తీయించుకోనక్కర్లేదు. అది చాలా ఏళ్ళు మన్నుతుంది కూడా. కాంపోజిట్‌కు ఓపిక ఎక్కువ కావాలి. పని జరిగేటప్పుడు ఉమ్మి తడి తగిలితే సరిగా అంటుకోదు. కానీ జిగురుతో అంటుకుంటుంది కాబట్టి బాగున్న పన్నును ఎక్కువ చెక్కక్కర్లేదు. రెండోవాడికీ అదే పెట్టారు.

మూడోవాడి పన్నుకు ఆలస్యమైంది. లోపల చీము పట్టి, పన్ను చాలావరకు విరిగిపోయి ఉంది. తీసేశారు. అదే బస్సులో, అదే ఖాళీ జేబులతో వెళ్ళిన ముగ్గురిలో తేడా ఒక్కటే. గుంత ఎంత లోతుకు పోయిందన్నది.

ఇంటికి వెళ్ళాక మొదటివాడి అమ్మ వాణ్ణి గుమ్మం వెలుతురులో నిలబెట్టి, గడ్డం పట్టుకుని చూసింది. "ఏదిరా అయ్యా మందు? ఎక్కడ పెట్టారు? కనపడట్లేదే, డబ్బులు తీసుకుని ఊరికే పంపించారా?" అంది. కనపడకపోవడమే దాని గొప్ప అని చెబితే చాలాసేపు నమ్మలేదు. తర్వాత మెల్లగా, "నాకూ ఒకటి జివ్వుమంటంది" అంది. మరుసటి నెల ఆమెనూ తీసుకెళ్ళాం. దవడ పళ్ళలో మిగిలినవి నాలుగు. జివ్వుమనే పంటికి సిమెంటు పెట్టారు. ఆ ఇంట్లో పీకించకుండా నిలిచిన పెద్దవాళ్ళ పన్ను అదే మొదటిది. మావాడి పట్టాకు ఎంత సంతోషపడిందో, దానికీ అంతే సంతోషపడింది.

సెమినార్ రోజు వాడు నలభై నిమిషాలు మాట్లాడాడు. ఒక ప్రశ్నకు జవాబు రాక నవ్వేశాడు కూడా.

పంటికి రంగేమిటి, షోకు కాకపోతే అనేవాళ్ళు ఉన్నారు. నోరు విప్పడానికి భయపడిన పిల్లవాడికి అది షోకు కాదు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని సామెత. నిలబెట్టుకోవడానికి మాత్రం సమయం చూసుకోవాలి.

తమ్ముళ్ళూ, పొద్దున కొళాయి దగ్గర ఎంత తొక్కిసలాట ఉన్నా, రాత్రి పడుకునే ముందు కొళాయి ఖాళీగానే ఉంటుంది. అప్పుడు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు నిమిషాలు తోముకోండి. నెలకోసారి ఒకరి నోట్లో ఒకరు టార్చి వేసి చూసుకోండి. నల్ల చుక్క కనిపిస్తే, నొప్పి లేకపోయినా వార్డెన్ గారికి చెప్పండి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అదే టార్చి అమ్మ దగ్గరికీ, నాన్న దగ్గరికీ తీసుకెళ్ళండి. వాళ్ళ నోట్లో ఇంకా నిలబెట్టగలిగిన పన్ను ఒకటైనా ఉంటుంది.