మనోవ్యాధియు గ్రంథపఠనమును

శరీరమునకు జ్వరము సోకినచో మనవారు వెంటనే వైద్యుని పిలుతురు. మనస్సునకు వ్యాధి కలిగినచో ఇరుగుపొరుగువారికి తెలియకుండ దాచుదురు. మా కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో ఇట్టి రోగిని కొందరు కొండగట్టు ఆంజనేయుని సన్నిధికి గొనిపోవుదురు. కొందరు దర్గాలకు పోవుదురు. మన క్రైస్తవ కుటుంబములవారు ఉపవాస ప్రార్థనకూటములకు తోడ్కొని వత్తురు. బాణామతి చేసినాడని పొరుగువానిని అనుమానించు గ్రామములును కలవు. ప్రార్థనను మేము తక్కువగా నెంచువారము కాము. కాని ప్రార్థించువాడు వైద్యునియొద్దకు పోరాదను నియమ మెచ్చటను లేదు. ఈ విషయమున పుస్తకములు మన కెంతవరకు తోడ్పడగలవో విద్యార్థులకును తలిదండ్రులకును నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మనోధైర్యమును బోధించు పుస్తకములు మన పట్టణముల అంగళ్లలో విరివిగా దొరకుచున్నవి. సంకల్పబల మున్నవానికి అసాధ్యము లేదని అవి చెప్పును. సోమరితనమున నున్న ఆరోగ్యవంతునికి ఆ బోధ మంచిదే. కాని నిద్రాహారములు తప్పి, ప్రియమైన పనులయందును రుచి నశించి, వారములకొలది కుములుచున్నవానికి ఆ మాటలే భారమగును. తనకు సంకల్పము లేకపోవుటచేతనే ఈ దుఃఖము వచ్చినదని అతడు తన్ను తానే నిందించుకొనును. కాలు విరిగినవానికి పరుగుపందెమును గూర్చి ఉపన్యసించిన ఫలమేమి?

రోగులు స్వయముగా వ్రాసిన గ్రంథములు వేరు. అమెరికాదేశమున క్లిఫర్డ్ బీర్స్ అను నాతడు పిచ్చాసుపత్రులలో తాను పడిన పాట్లను 1908లో గ్రంథముగా ప్రకటించెను. మరుసటి సంవత్సరమే ఆ దేశమున మానసికారోగ్యమునకై జాతీయ సంఘ మొకటి వెలసెను. వ్యాధినుండి కోలుకొన్నవాడు నోరు విప్పినప్పుడు, తానొక్కడే ఇట్లయితినని తలంచు రోగికి తోడు దొరకును.

ఇట్టి తోడు ఎంత మేలు చేయునో మేము కన్నులార చూచితిమి. మా విద్యార్థి యొకని తండ్రి, ప్రత్తిపంట చెడిన యేట, మాటలాడుట మానెను. రాత్రులు నిద్రలేక వాకిట కూర్చుండెడివాడు. ఆ బాలుడు మనోవ్యాధులను గూర్చిన చిన్న పుస్తకము నొకదానిని మావద్ద తీసికొనిపోయి, నాలుగు దినములకు మరలివచ్చి, “సారూ, దీంట్ల రాసిందంత మా బాపు ముచ్చటే. సదివి ఇనిపిస్తే ఏడ్సిండు. దవఖానకు వస్తనన్నడు” అనెను. మేమును వారితో ఆసుపత్రికి పోయితిమి. మందులు పనిచేయుటకు కొన్ని వారములు పట్టినను, ఆయన క్రమముగా చేనికి పోసాగెను. పుస్తకము వ్యాధికి పేరు చెప్పుననియు, పేరు తెలిసినవాడు సిగ్గు విడిచి వైద్యుని నడుగగలడనియు, అంతకుమించిన పని పుస్తకముపై మోపరాదనియు అచ్చటి మనోవైద్యుడు మాకు వివరించెను.

ఈ మాటకు ప్రసిద్ధమైన నిదర్శన మొకటి కలదు. వియన్నా నగరపు వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ 1942 మొదలు 1945 వరకు నాజీల నిర్బంధ శిబిరములలో బాధలనుభవించి, తలిదండ్రులను, భార్యను, సోదరుని కోల్పోయి, 1946లో ప్రకటించిన గ్రంథమును లోకమంతయు చదువుచున్నది. కాని అంతకు పూర్వమే, 1928 ప్రాంతమున, ఆయన తన నగరమున బాలబాలికలకై ఉచిత సలహా కేంద్రములను స్థాపించెను. 1930లో, మార్కుల పత్రములిచ్చు దినములలో, విద్యార్థుల మొర వినుటకు ప్రత్యేకమైన ఏర్పాట్లు గావించెను. అంతకుముందు ఏటేట జరుగుచుండిన విద్యార్థుల ఆత్మహత్యలు ఆ తరుణమున ఒక్కటియు జరుగలేదు. ఆయన గ్రంథకర్త యగుటకు ముందే బిడ్డల మాటలు వినువాడై యుండెను.

మన తెలంగాణమున 2019 ఏప్రిలు నెలలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట 20 మంది వరకు విద్యార్థులు ప్రాణములు విడిచిరి. వారి యిండ్లలో పుస్తకములకు కొరత యుండదు. ఆ దినములలో వారి చెంత కూర్చుండి, నిందింపక, తుదివరకు వినువాడొకడు ప్రతివానికిని కావలసియుండెను.

పరిశుద్ధ గ్రంథమున బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్న ఏలీయాను స్మరింపుడు. దేవదూత అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును రెండుమారులు పెట్టెను. పిమ్మట దేవుడే అతని మొర నాలకించెను. చివరకు ఎలీషాను తోడుగా నిచ్చెను. విశ్రాంతి, ఆహారము, వినుట, తోడు: నేటి మనోవైద్యులును ఈ క్రమమునే మెచ్చుకొందురు.

ప్రియ విద్యార్థులారా, మనస్సును గూర్చిన పుస్తకములను తప్పక చదువుడు. ఏ పుస్తకము మిమ్ము ఒక మనుష్యునియొద్దకు నడిపించునో అది మంచిది. ఏది ఒంటరిగా కూర్చుండి నీవే నీకు చాలుదువని చెప్పునో దానిని ప్రక్కన పెట్టుడు. భారము మోయలేనప్పుడు ఉపాధ్యాయునితోనైనను, తల్లితోనైనను చెప్పుడు. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, రాత్రింబగళ్లు, ఉచితముగా, తెలుగున మాటలాడవచ్చును. తలిదండ్రులారా, ఫలితములు వెలువడు దినమున మార్కు లడుగుటకు ముందు బిడ్డకు అన్నము పెట్టుడు, చెంత కూర్చుండుడు. వినుటకు చెవులును, ఓర్పుగల హృదయమును ప్రభువు మనకందరికిని దయచేయుగాక.